డిపోజిషన్‌కి రమ్మంటున్నారు, వెళ్లకపోతే ఏమవుతుంది? అర్జెంట్

నిద్రలేని_పక్షి: సాయంత్రం నుంచి వెతికి వెతికి తల పగిలిపోతోంది. విడాకుల కేసులో డిపోజిషన్ (కోర్టు బయట సాక్ష్యం చెప్పడం) అంటూ సబ్‌పీనా, అదే సాక్ష్యానికి రమ్మనే ఆదేశం, చేతిలో పెట్టి పోయాడొకడు. హ్యూస్టన్‌లో లాయర్ ఆఫీసుకి వెళ్లాలట, ప్రమాణం చేయాలట, వీడియో తీస్తారట. కోర్టే కానప్పుడు వెళ్లకపోతే ఏం చేస్తారు?

కటువు_మాట: లాయర్ ఆఫీసైనా సబ్‌పీనా సబ్‌పీనానే. ఎగ్గొడితే కోర్టు ధిక్కారం కిందకి రావచ్చు. కేసు మీదేనా?

వకీలు_బాబాయ్: ఇంత టెన్షన్ ఎందుకండీ, అఫిడవిట్ ఇచ్చేస్తే సరి. 2002 నుంచి మన సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్) ఆర్డర్ 18 రూల్ 4 ప్రకారం చీఫ్, అంటే సాక్షి మొదటి వాంగ్మూలం, అఫిడవిట్ రూపంలోనే వేస్తారు. క్రాస్‌కి, అదే ఎదురు ప్రశ్నలకి, కోర్టు తరఫున అడ్వకేట్ కమిషనర్‌ని పెట్టవచ్చు. మా గుంటూరు కోర్టులో అయితే...

కటువు_మాట: హ్యూస్టన్ టెక్సస్‌లో ఉంది బాబాయ్.

వకీలు_బాబాయ్: ఎక్కడైనా ప్రమాణం ప్రమాణమే కదా!

పెకాన్_చెట్టు: ప్రమాణమే, కానీ కాగితాన్ని ఎదురు ప్రశ్నలు అడగలేరుగా. వాళ్లు పిలిచేదే అందుకు. నిద్రలేని గారూ, అక్కడ మన అలవాటుగా తల ఊపకండి. కోర్ట్ రిపోర్టర్ టైప్ చేసేది మాటలనే. మనం తల ఊపితే అవునో కాదో మనవాళ్లకే తెలీదు! అడిగినంతే చెప్పండి. నిజంగా గుర్తులేకపోతే గుర్తులేదనండి. వాట్సాప్ మెసేజీలు మాత్రం డిలీట్ చేయొద్దు. తెలుగులో చెప్పడం తేలికైతే దుబాసీ కావాలని ముందే అడగండి.

నిద్రలేని_పక్షి: కేసు నాది కాదండీ, పాత రూమ్మేట్‌ది. వాళ్లావిడ లాయర్ పిలిచాడు. నేనుండేది డాలస్ దగ్గర ఫ్రిస్కో. చెప్పలేదా?

కటువు_మాట: చెప్పలేదు. అసలు సంగతి అదే. కేసులో పార్టీ కాని సాక్షిని, అతను ఉండే చోటికో సబ్‌పీనా అందుకున్న చోటికో 150 మైళ్లు దాటిన కౌంటీకి రమ్మని టెక్సస్‌లో సబ్‌పీనాతో బలవంతపెట్టలేరు, రూల్ 176.3. ఫ్రిస్కో నుంచి హ్యూస్టన్ అంతకంటే ఎక్కువే. అలాగని ఊరుకోకండి. నోటీసు అందిన మూడో పనిదినంలోపు టైమూ చోటూ మీద అభ్యంతరం చెబుతూ కోర్టులో మోషన్ (అర్జీ) వేస్తే, టైమూ చోటూ తేలేదాకా డిపోజిషన్ ఆగుతుంది.

పెకాన్_చెట్టు: మోషన్ దాకా ఎందుకు, ముందు ఆ లాయర్‌కే ఫోన్ చేయించండి. జూమ్‌లో పెట్టుకుందామంటే చాలామంది ఒప్పుకుంటారు.

వకీలు_బాబాయ్: మన దగ్గరా వీడియో కాన్ఫరెన్స్ ఉంది. ఫ్యామిలీ కోర్టుల చట్టం 1984లో ఏముందంటే...

నిద్రలేని_పక్షి: సరే, తెలిసిన లాయర్‌కి మెసేజ్ పెట్టా. సోమవారం మాట్లాడతాడట. థాంక్స్ అందరికీ.

కటువు_మాట: సోమవారమా? ఇంతకీ సబ్‌పీనా మీ చేతికి ఏ రోజు వచ్చింది?

వకీలు_బాబాయ్: ఆ చట్టంలో సెక్షన్ 13 ఒక్కసారి చూడండి, లాయర్‌ని పెట్టుకోవడం మన ఫ్యామిలీ కోర్టుల్లో హక్కు కాదు.