అప్‌డేట్: ఢిల్లీ బెంజ్ వద్దనుకుని హైదరాబాద్ బండే తీసుకున్నాను

2014 మోడల్ బెంజ్ ఈ-క్లాస్ డీజిల్, లక్షా ముప్పై వేల కిలోమీటర్లు తిరిగింది, ఢిల్లీ రిజిస్ట్రేషన్, ధర ఎంత తక్కువో చూస్తే మతి పోతోంది, కొనొచ్చా అని ఆమధ్య అడిగాను కదా. కొనలేదండి. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్ బళ్ల మీద 2015లో ఎన్జీటీ (జాతీయ హరిత ట్రిబ్యునల్) ఆంక్షలు పెట్టింది కాబట్టే అంత చవక, కానీ అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తెప్పించుకుని, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టి, తెలంగాణ (టీజీ) నంబరు వేయించేసరికి మిగిలేదేమీ లేదు.

అదే మోడల్ హైదరాబాద్‌లో దొరికింది, సెకండ్ ఓనర్. ఇంకా ఎక్కువే తిరిగింది, అయినా ప్రతి సర్వీసు బిల్లూ ఫైల్లో ఉంది, నాకు అదే ముఖ్యం. మీరు చెప్పినట్టే పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించి ఇంజిన్ లోపలి టైమింగ్ చైన్ చప్పుడు విన్నాం, శుభ్రంగా ఉంది. ర్యాంప్ ఎక్కించాక మాత్రం చక్రాన్ని బండి అడుగుభాగానికి కలిపే లోయర్ ఆర్మ్ బుష్‌ల రబ్బరు పగుళ్లిచ్చి, మెకానిక్ గోటితో గీకితే పొడిపొడిగా రాలింది. ఆ వయసు బండికి అది మామూలే, బేరంలో ఆ ఖర్చు తగ్గించుకున్నాను. టైర్ల మీద 2317 అని ఉంది, అంటే 2017లో 23వ వారం తయారీ, అంత పాతవి కాబట్టి గాట్లు ఎంత లోతున్నా నాలుగూ మార్చేశాను. గేర్‌బాక్స్ ఆయిల్, ఫిల్టర్ కూడా కొత్తవే వేయించాను.

కొనబోయేవాళ్లు కారు ధరతో పాటు మొదటి ఏడాది రిపేర్లకు డబ్బు విడిగా పెట్టుకోండి, ఇన్సూరెన్స్ 14 రోజుల్లోపే మీ పేరు మీదికి మార్పించుకోండి.