సమస్య: చేతితోడ రుచిని చెప్పవచ్చు

నిర్వాహకుడు: ఛందస్సు ఆటవెలది. ఇంగ్లీషు మాట 'టేస్ట్' పుట్టుకను ఆధారం చేసుకుని పూరించండి. పాకాన్ని వేళ్లతో పట్టి చూసే పూరణలు ఈసారికి వద్దు.

తేనెపలుకు:
తాకి చూడుటనెడి తలపుతోఁ బుట్టిన
మాట యాంగ్లమందు మారె రుచిగఁ
బాత యర్థమెంచి పలికినచో నేఁడు
చేతితోడ రుచిని చెప్పవచ్చు.

పాత ఫ్రెంచిలోని 'టాస్టెర్' దీనికి మూలం. తాకడం, తడమడం దాని తొలి అర్థం. సుమారు 1300 నాటికి ఇంగ్లీషులో చేరింది. నేటి ఫ్రెంచిలో 'టాటే' అంటే తడిమి చూడటమే. జర్మనులో 'టాస్టె', ఇటాలియనులో 'టాస్తో' అంటే వేలితో నొక్కే పియానో మెట్టు.

పాతప్రతి: మూడో పాదం సమస్యలోకి జారిన తీరు ఎంతో నచ్చింది. రెండో పాదంతోనే పేచీ. చవిచూడటం అనే అర్థం ఈ మాటకు ఫ్రెంచిలో ఉండగానే వచ్చింది. ఇంగ్లీషు రెండర్థాలనూ కలిపి తెచ్చుకుంది. అంతకుముందు రుచికి ఇంగ్లీషువారి సొంత మాట 'స్మాక్'. దాని చుట్టమైన 'ష్మెకెన్'ను జర్మనులు నేటికీ వాడుతున్నారు.

తేనెపలుకు: నిజమేనండీ. 'మాట మెల్లమెల్ల మారె రుచిగ' అని సవరిస్తున్నాను.

కలువరేకు:
రాతిబొమ్మఁ దాకి రాయని తెలియుము
టేస్టుమనెను సాధ్వి డెందమలర
నాఁటి యాంగ్లపునుడి నాడిఁ బట్టిన వేళ
చేతితోడ రుచిని చెప్పవచ్చు.

14వ శతాబ్దపు కవి చాసర్ రాసిన కాంటర్‌బరీ కథల్లో, రెండో సన్యాసిని చెప్పే కథ ఇది. విగ్రహాన్ని దేవుడంటున్న అధికారితో సెసిలియా, 'దానిమీద చెయ్యి వేసి బాగా టేస్ట్ చెయ్యి, రాయేనని తెలుస్తుంది' అంటుంది. ఆ చోట నాలుక ప్రసక్తే లేదు.

పాతప్రతి: గట్టి సాక్ష్యం పట్టుకొచ్చారు! అయితే 'వేళ' ఇక్కడ సప్తమి, ద్రుతాంతం, అంటే చివర 'న్' ఉన్నట్టు లెక్క. దాని తర్వాత 'చేతి' కాస్తా 'జేతి' అవుతుంది, సమస్య చెడుతుంది. 'నాడిఁ బట్టితివేని' అనండి. నాడి పట్టేదీ చేతితోనే కదా. ఇక 'డెందమలర' టకారానికి యతి కోసం తెచ్చినట్టుంది. మరణశిక్ష ఎదురుగా ఉన్నవారికి గుండె అలరుతుందా?

కలువరేకు: 'పట్టితివేని' తీసుకుంటాను, ధన్యవాదాలు. డెందాన్ని మాత్రం వదలను. ఆ విచారణలో సెసిలియా న్యాయాధికారి ముందే నవ్వుతుంది.

పాతప్రతి: అలాగైతే నా ఆక్షేపణ వెనక్కి తీసుకుంటున్నాను.

నిర్వాహకుడు: రెండు పూరణలూ సవరణలతో స్వీకరించాను. మనం రుచి 'చూస్తాం'. సంస్కృతంలో 'రుచి'కి కాంతి అనే అర్థమూ ఉంది. రేపటి సమస్య: 'కంటితోడ రుచిని కాంచవచ్చు'.