పడిగాపులోని ‘పడి’

ప్రశ్న: చిన్నప్పుడు విన్న ఒక సీసపద్యపు ఎత్తుగీతిలో, అంటే సీసం చివర వచ్చే గీతపద్యంలో, రాజద్వారం దగ్గరి ‘పడిగాపు’ను గురించిన పాదమొకటి కొన్నాళ్ళుగా మనసులో మెదులుతున్నది కానీ, ఆ ఒక్క మాట తప్ప తక్కినదేదీ జ్ఞాపకం రావడం లేదు. తెలిసినవారు పూరించగలరు. రైతులు యూరియా కోసం పడిగాపులు కాశారని పత్రికలు రాసేదీ ఈ మాటేనా?

సమాధానం: ఈ మాటే. పడిగాపు అంటే ద్వారపాలకుడు. లోపలికి పోనీయకుండా ఆపేవాడి పేరు, క్రమంగా బయట ఆగిపోయినవాడి అవస్థకు పేరైంది. ‘పడి’ అంటే గడప. తమిళుల ‘వాసఱ్పడి’లో ఉన్నదీ అదే. పాదం ధూర్జటిది కావచ్చు. ‘రాజుల్ మత్తులు, వారి సేవ నరకప్రాయంబు’ అన్న కవికి ఆ వాకిళ్ళు బాగా తెలుసు.

మరొకరు: మీరు చెప్పిన మాట ఉన్న ధూర్జటి శ్రీకాళహస్తీశ్వర శతకమంతా శార్దూల మత్తేభ వృత్తాలే కదా, అందులో ఎత్తుగీతి ఎక్కడిది? నా మట్టుకు ‘పడి’ గడప కాదు, ‘పడు’ ధాతువు. ‘పొద్దున్నుంచీ వాకిట్లో పడి ఉన్నాడు’ అనడం లేదూ? పడి ఉండి కాచుకోవడమే పడిగాపు.

మొదటి సమాధానమిచ్చినవారు: ‘పడి’ క్త్వార్థకమైతే, అంటే ‘చూచి’, ‘వచ్చి’ లాంటి అసమాపక క్రియ అయితే, ‘కా’ మారి ‘గా’ ఎలా అయింది? ‘చూచి పోయెను’ అన్నది ‘చూచి వోయెను’ కాదు. ఆ గకారమే ‘పడి’ నామవాచకమని సాక్ష్యం చెబుతున్నది.

మరొకరు: సమాసంలో గసడదవాదేశాన్ని, అంటే క చ ట త ప లు గ స డ ద వ లుగా మారడాన్ని, వ్యాకర్త చిన్నయసూరి ద్వంద్వానికి కదా విధించాడు, కూరగాయలు, కాలుసేతులు అన్నట్టు! పడిగాపు ద్వంద్వం కాదు కనుక ఆ గకారం మీ పక్షానా సాక్ష్యం చెప్పదు.

ఇంకొకరు: ఇద్దరూ తిరుమలను మరిచారు. గర్భాలయపు గడపను ఈనాటికీ ‘కులశేఖర పడి’ అనే అంటారు. ‘పడియాయ్ క్కిడందు ఉన్ పవళవాయ్ కాణ్బేనే’ అని, అంటే నీ గడపనై పడి ఉండి నీ పగడపు పెదవిని చూస్తూ ఉండాలని, తమిళ వైష్ణవ భక్తకవి కులశేఖరాళ్వార్ వేడుకున్నాడు. గడపా, పడి ఉండడమూ రెండూ ఒక్క పాదంలోనే ఉన్నాయి. పైగా కంపార్ట్‌మెంట్లలో గంటల తరబడి కూర్చున్న జనమంతా చివరికి చేరేది ఆ పడి ఎదుటికే. ఆళ్వార్ల పాశురాలు, అంటే వారి తమిళ భక్తిపద్యాలు, చదవకుండా మన దేశిపదాల సంగతి తేల్చబోవడం నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది.

మరొకరు: పాశురం మధురమే, కాదనను. అయితే అక్కడ పడి ఉండడాన్ని చెప్పేది ‘కిడందు’ కానీ ‘పడి’ కాదు; తమిళపు గడపతో తెలుగు గకారం తేలదు. ప్రశ్న అడిగినవారు ఆ ఎత్తుగీతి తేటగీతో ఆటవెలదో చెప్పగలిగితే, పాదాన్ని వెతకడానికి కొంత దారి దొరుకుతుంది.