అప్‌డేట్: అక్క ఇంటికొచ్చింది

అక్కను తన ఇష్టం లేకుండా బావ మానసిక ఆసుపత్రిలో చేర్చాడు, ఏం చేయాలని పోయిన నెల అడిగాను కదండీ. దారి ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 89వ సెక్షన్ కింద అలా చేర్చుకుంటే 30 రోజులే గడువు. ఆడవాళ్లనైతే 3 రోజుల్లో, మగవాళ్లనైతే 7 రోజుల్లో ఆసుపత్రి వాళ్లు మానసిక ఆరోగ్య రివ్యూ బోర్డుకు (ఇలా చేర్చడం సరైందో కాదో చూసే బోర్డు) తెలపాలి. మా అక్క విషయంలో పన్నెండు రోజులైనా బోర్డుకు తెలపలేదు.

అమలాపురం కోర్టు ఆవరణలో ఉచిత న్యాయ సహాయం అడిగితే లాయర్‌ని ఇచ్చారు. బోర్డుకు అర్జీ అక్కే పెట్టుకోవచ్చట, ఫీజు లేదు. మందుల మత్తుకి చెయ్యి వణుకుతుంటే రూళ్ల కాగితం మీద రెండుసార్లు కొట్టేసి, మూడోసారి సంతకం చేసింది. ఆ జిరాక్స్ చూస్తే నాకిప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. అర్జీ పెట్టిన 7 రోజుల్లో బోర్డు తేల్చాలి. ఆరో రోజున అక్కతో విడిగా మాట్లాడి, డిశ్చార్జ్ చేయమన్నారు.

జబ్బు లేదని కాదు, మందులు వేసుకుంటోంది. బావ టెన్షన్‌లో చేశాడని తనే అంటోంది. నాకైతే కోపం పోలేదు. నిన్న కాలవగట్టు మీద కూర్చుని, "అక్కడ నన్నెవరూ ఏమీ అడగలేదురా" అంది.

ఎవరికైనా ఇలా జరిగితే ముందు చేర్చిన తేదీ రాసిపెట్టుకోండి. 30 రోజుల గడువు, ఆసుపత్రి బోర్డుకు తెలపాల్సిన గడువు అక్కణ్ణుంచే లెక్క.