అప్‌డేట్: కారు డోర్ స్పీకర్లలో బేస్ వచ్చేసింది

కారు ముందు డోర్లలో కొత్త 6.5 అంగుళాల స్పీకర్లు, ఆంప్లిఫైయర్ (ఆంప్) పెట్టాక బేస్ (పాటలోని లోతైన శబ్దం) పలచబడిందని, సౌండ్ పెంచితే చిరిగినట్టు వస్తోందని అడిగాను కదా. రెండూ పోయాయి.

బేస్ లేకపోవడానికి కారణం ఒక డోర్‌లో ప్లస్, మైనస్ తారుమారు కావడం. స్పీకర్ వైర్లు ఆంప్ నుంచి విప్పి, 1.5 వోల్ట్ బ్యాటరీ క్షణం ఆనించి చూశాను. కుడివైపు కోన్ (స్పీకర్‌లో ముందుకు వెనక్కు కదిలే భాగం) బయటికి వచ్చింది, ఎడమవైపుది లోపలికి పోయింది! ఒకటి తోస్తుంటే ఇంకొకటి లాగుతోంది, ఇక బేస్ ఎక్కడ మిగులుతుంది? వైర్లు మార్చిన నిమిషంలోనే తేడా తెలిసింది.

చిరుగుడుకు కారణం గెయిన్, అంటే స్టీరియో నుంచి వచ్చే సిగ్నల్‌కు ఆంప్‌ను సరిపెట్టే సెట్టింగ్. దాన్ని వాల్యూమ్ నాబ్ అనుకుని పూర్తిగా తిప్పేశాను. స్పీకర్ 50 వాట్స్ ఆర్‌ఎంఎస్ (ఆగకుండా తట్టుకోగల పవర్), నిరోధం 4 ఓమ్స్. 50ని 4తో గుణించి వర్గమూలం తీస్తే సుమారు 14 వోల్ట్‌లు, ఆంప్ నుంచి స్పీకర్‌కు అంతకు మించి వెళ్లకూడదు. స్పీకర్లు విప్పేసి, స్టీరియో వాల్యూమ్ ముప్పావు వంతులో ఉంచి, 1000 హెర్ట్జ్ టోన్‌తో ఆంప్ అవుట్‌పుట్ దగ్గర మల్టీమీటర్‌లో 14 దాటకుండా గెయిన్ సెట్ చేశాను. హై పాస్ ఫిల్టర్ (పెట్టిన హద్దుకు కిందనున్న మరీ లోతైన శబ్దాన్ని తగ్గించేది) 80 హెర్ట్జ్ దగ్గర పెట్టాను.

డోర్ లోపలి రంధ్రాలు బ్యూటైల్ షీట్‌తో (అతుక్కునే రబ్బరు లాంటి షీట్) మూశాక డోర్ గడగడ కూడా తగ్గింది. అద్దం పూర్తిగా దించి, స్పీకర్ మ్యాగ్నెట్‌కు తగలట్లేదని చూసుకున్నాకే ప్యానెల్ బిగించాను. పోలారిటీ (ప్లస్, మైనస్ సరిగా ఉన్నాయా అని) చూడమన్నవాళ్లకు చాలా థ్యాంక్స్.