పాత వ్యాన్‌ల సెకండ్ గేర్ గర్ర్ మంటుంది, ఏం జేయాలె?

అన్నా, మాది దేవరకొండ. 2007 మోడల్ వ్యాన్, కూరగాయల లోడుకు తిప్పుతున్న. సెకండ్ ఏస్తే గర్ర్ మంటది, రివర్స్ అయితే ఇంకా కష్టం, మెకానిక్ చూడకుండనే గేర్‌బాక్స్ దించాలె అంటుండు. జెర చెప్పుండ్రి.

మిర్యాలగూడ నుంచి: అప్పుడే దించనియ్యకు తమ్మీ. ఇంజన్ బంద్ జేసి గేర్లు ఏసి చూడు. అప్పుడు సాఫ్‌గ పడి, స్టార్ట్‌ల ఉన్నప్పుడే అరుస్తుందంటే క్లచ్ పూర్తిగ ఇడుస్తలేదన్నట్టు, చానాసార్లు కేబుల్ లూజే ఉంటది, అది టైట్ జేసుడు పది నిమిషాల పని. కానీ పెడల్‌కు కొంచెం ఫ్రీ ప్లే (క్లచ్ పని మొదలుకాకముందు పెడల్ ఉత్తగ దిగే జాగ) ఉంచాలె, మొత్తం గుంజి కడితే క్లచ్ ప్లేట్ కాలుతది.

దేవరకొండ తమ్ముడు: కేబుల్ టైట్ జేపిచ్చిన అన్నా, రివర్స్ మంచిగ పడ్తుంది! సెకండ్ మాత్రం గట్లనే ఉంది.

నకిరేకల్ నుంచి: ఒక్క సెకండే అంటే సింక్రో రింగ్ (గేర్ పడేముందు స్పీడ్ కలిపే రింగు) అరిగినట్టుంది. గేర్ ఆయిల్ దించి చూడు, బంగారం రంగు పొడి వస్తే ఇత్తడి రింగే, ఇనుప ముక్కలొస్తే మాత్రం బండి నడపకు. ఆయిల్ బండి బుక్కుల రాసిందే పొయ్యి, జీఎల్-4 (గేర్ ఆయిల్ రకం) అని ఉన్నకాడ జీఎల్-5 రకం పోస్తే కొన్నిట్ల ఇత్తడి ఖరాబైతది. రింగు మార్చేదాంక డబుల్ క్లచ్ కొట్టుకుంట నడుపు, అంటే క్లచ్ తొక్కి న్యూట్రల్ జేసి ఇడిచి, మళ్ల తొక్కి గేర్ ఎయ్యి.