నల్లరేగడిలో ఇల్లు: మూడడుగుల పునాది చాలా?

సత్తెనపల్లి దగ్గర పల్లె మాది. నాన్న ఇచ్చిన 5 సెంట్లలో, అంటే 242 గజాల్లో, నేనూ మా ఆవిడా దగ్గరుండి ఇల్లు కట్టించుకుందామనుకుంటున్నాం. నేలంతా రేగడి. మొన్న ఎండల్లో పాప చెప్పు నెర్రెలో పడింది, మోచేతి దాకా పెట్టినా అందలేదు! మేస్త్రి మూడడుగులు చాలంటున్నాడు. టెన్షన్‌గా ఉంది.

— చాలదు తమ్ముడూ. రేగడి వానకి ఉబ్బుతుంది, ఎండకి కుంగుతుంది. మా ఇంట్లో కిటికీ మూలల్నుంచి ఏటవాలుగా పగుళ్లు. ఎన్నిసార్లు పూసినా మళ్లీ అంతే. ముందు మట్టి పరీక్ష చేయించు. అండర్ రీమ్డ్ పైల్స్ (లోతుగా దించి, అడుగున ఉబ్బెత్తుగా పోసే కాంక్రీటు పునాది స్తంభాలు) గురించి మేస్త్రిని కాదు, ఇంజనీర్ని అడుగు.

— గోడల పక్కన నీళ్లు నిలవనివ్వకండి. వేపచెట్టు కూడా దూరంగానే.

— థాంక్స్ అన్నా. వేపచెట్టు మాత్రం అమ్మ నాటేసింది.